కొనువారి పక్షము

"కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఈ సామెతను పుట్టించిన వాడెవడో గాని, అంగడికి ఇరువైపులను నిలిచి చూచినవాడై యుండవలెను. లోకమున ఇట్టివారు అరుదు. అమ్మువానికి కొనువాని అవస్థ పట్టదు. కొనువానికి అమ్మువాని మర్మము తెలియదు. ఆ రెండింటిని ఎరిగి, జీవితపు మొదటి భాగమున అమ్ముటలో పేరు గడించి, మలి భాగమున కొనువారి పక్షమున నిలిచి అడుగుటలో అంతకంటె గట్టి పేరు గడించిన ఒక వనితను గూర్చి ఈ సంచికలో కొంత వ్రాయ సంకల్పించితిమి. ఆమె మన దేశపు మనిషి కాదు. న్యూయార్కు నగరపు టెలివిజన్ వార్తలలో వినియోగదారుల వ్యవహారములు చెప్పిన విలేఖరి. పేరు బెట్టీ ఫర్నెస్.

తెలుగు సంఘపు సంచికలో ఈమె ప్రసక్తి ఏల అని పాఠకులు అడుగవచ్చును. పరాయి భాష పలుకు ఊరిలో తరతరములుగా కాపురముండు మనకు, అంగడిలో నోరు తెరచి "ఇదేమి?" అని అడుగుట ఎంత పనియో తెలియును. ఆ పనినే వృత్తిగా చేసికొన్న ఆమె కథ మనకు అంత దూరమైనది కాదని మా అభిప్రాయము.

ఆమె 1916 జనవరి 3వ తేదీన న్యూయార్కులోనే జన్మించినది. కలవారి బిడ్డ. పదునాలుగవ యేటనే వస్త్రప్రకటనల ఛాయాచిత్రములకు నిలిచి, 1932లో హాలీవుడ్ చేరి ఆర్.కె.ఓ. సంస్థవారి చిత్రములలో నటింప నారంభించెను. 1936లో వచ్చిన 'స్వింగ్ టైమ్' అను చిత్రమున నాయకుడు మొదట పెండ్లాడవలసి తుదకు పెండ్లాడని కన్య పాత్ర ఆమెది. ఆమె సినిమా జీవితము కూడ ఆ పాత్రవంటిదే. పెండ్లిపందిరి వరకు వచ్చినది గాని పీటలమీద కూర్చుండలేదు.

అదృష్టము మరియొక దారిని వచ్చినది. 1949 ప్రాంతమున టెలివిజన్‌లో 'స్టూడియో వన్' అను నాటకముల వరుస జరుగుచుండెను. అవి ముందుగా చిత్రించి చూపునవి కావు. అప్పటికప్పుడు ఆడి చూపునవి. నాటకమునకు ఖర్చు పెట్టుకొన్నవారు వెస్టింగ్‌హౌస్ అను విద్యుత్పరికరముల సంస్థవారు. నాటకము నడుమ వారి సరకును గూర్చి చెప్పుటకు వచ్చిన నటి సరిగా చెప్పలేకపోవుటను చూచి, ఆనాటి నాటకములో వేషము వేసిన బెట్టీ ఫర్నెస్ "ఆ నాలుగు మాటలు నేను చెప్పెదను" అని ముందుకు వచ్చెను. చెప్పెను. సంస్థవారు వెంటనే వారమునకు 150 డాలర్ల వేతనముపై ఆమెను నియమించుకొనిరి. అది మొదలు పదకొండు సంవత్సరములు, అనగా 1960 వరకు, అమెరికా గృహిణులకు రిఫ్రిజిరేటరు తలుపు తెరచి చూపినది ఆమెయే.

1952లో ఆ దేశపు రెండు రాజకీయ పక్షముల మహాసభలును షికాగో నగరమున జరిగినవి. సి.బి.యస్. వారి ప్రసారమునకు ప్రకటనదారు వెస్టింగ్‌హౌస్ సంస్థయే. ఒక నాయకుడు ఉపన్యసించి దిగగానే తెరమీద ఈమె పొయ్యియో, బట్టలుతుకు యంత్రమో పెట్టుకొని ప్రత్యక్షమయ్యెడిది. అభ్యర్థులకంటె ఎక్కువసార్లు ఆమెయే కనబడినదని ఆనాటివారు పరిహాసమాడుకొనిరట.

ఇచ్చట ఒక ముచ్చట చెప్పవలెను. ప్రత్యక్ష ప్రసారమున రిఫ్రిజిరేటరు తలుపు ఎంత లాగినను రాక, ప్రకటన చెప్పు స్త్రీ నవ్వుమొగముతో పెనుగులాడిన ఘటన 1954లో జరిగినది. అది బెట్టీ ఫర్నెస్‌కు జరిగినదని నేటికిని పలువురు చెప్పుదురు. ఆ దినమున నిలిచినది ఆమె కాదు, ఆమెకు బదులుగా వచ్చిన జూన్ గ్రాహమ్ అను నటి. తాను చేయని పొరపాటు జీవితాంతము ఆమె వెంట వచ్చినది. తరువాతి కాలమున తలుపులు రాని యంత్రములను గూర్చియే ఆమె వేలమంది మొర వినవలసివచ్చుట చూడగా, విధి కూడ ఒక్కొక్కప్పుడు హాస్యప్రియుడేమో అనిపించును.

1960లో ఆ కొలువు విడిచినపిమ్మట ఆమె వార్తావిలేఖరి పని కోరినది. ఎవ్వరును ఇయ్యలేదు. "రిఫ్రిజిరేటర్లు అమ్మిన ఆవిడ వార్తలు చెప్పిన ఎవరు నమ్ముదురు?" అనునదియే అందరి మాటలలోని అర్థము. ఈ అనుమానమును మేము తేలికగా కొట్టివేయజాలము. డబ్బు పుచ్చుకొని పొగడిన నోరు, డబ్బు పుచ్చుకొనక నిజము చెప్పునని నమ్ముట ఎట్లు? ఆమె తక్కిన జీవితమంతయు ఈ ఒక్క ప్రశ్నకు చెప్పిన సమాధానమేయని మాకు తోచుచున్నది.

1967లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆమెను వినియోగదారుల వ్యవహారములలో తన ప్రత్యేక సహాయకురాలిగా నియమించెను. అంతకుముందు ఆ స్థానమున నున్న ఎస్తర్ పీటర్సన్ కార్మికోద్యమమున తల నెరసిన మనిషి. ఆమె స్థానమున ఒక సినిమా నటి, అందునను ప్రకటనల నటి వచ్చుట చూచి కొనువారి పక్షమున పోరాడువారు పెదవి విరిచిరి. ఆమె వాదింపలేదు, చదువుకొనెను. ఊరూర తిరిగి జనులను విని, శాసనసభ్యుల యెదుట సాక్ష్యము చెప్పెను. కొంతకాలమునకు పెదవి విరిచినవారే ఆమెను తమలో ఒకతెగా లెక్కించుకొనిరి.

ఆమె పదవీకాలమున వచ్చిన రెండు చట్టములను చెప్పవలెను. అంతకు పూర్వము ఆ దేశమున కేంద్రప్రభుత్వపు మాంసతనిఖీ ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోవు సరకునకే వర్తించెడిది. ఏ రాష్ట్రమునకా రాష్ట్రమున అమ్ముడుపోవు మాంసము అందులోనికి రాదు. 1967 డిసెంబరు 15న వచ్చిన చట్టము ఆ సందును మూసినది. రెండవది 1968 మే నెలలో వచ్చిన ఋణసత్య చట్టము. అప్పు ఇచ్చువాడు వడ్డీ ఎంతయో సంవత్సరపు లెక్కలో స్పష్టముగ వ్రాసి చూపవలెనని దాని సారాంశము. ఇది మనకు సులభముగ అర్థమగును. మనలో "నూటికి రెండు" అందురు. వినుటకు ఎంత స్వల్పముగ నుండును! అది నెలకు గనుక సంవత్సరమునకు ఇరువది నాలుగు. నెలకు ఒకటిన్నర అని చెప్పి పదునెనిమిది వసూలు చేయు వాడుక అమెరికాలోను ఉండెను. లెక్క తప్పు కాదు. చెప్పు తీరులోనే మోసమున్నది. సరకును ఆకర్షణీయముగ చెప్పు విద్య తెలిసినవారికి ఇట్టి మెలకువ ఇతరులకంటె వేగముగ పట్టుబడుననుటలో ఆశ్చర్యమేమి?

1969లో ఆ ప్రభుత్వము మారినది. ఆపైన న్యూయార్కు రాష్ట్రపు వినియోగదారుల రక్షణ మండలికి 1970లో అధ్యక్షురాలై సుమారు ఒక సంవత్సరము పనిచేసెను. 1973లో నగరపు వినియోగదారుల శాఖకు అధికారిణి అయ్యెను. కుర్చీలు మారినవి, పని ఒక్కటే. 1974లో, ఏబది యెనిమిదవ యేట, న్యూయార్కు నాలుగవ చానలుగా పేరొందిన డబ్ల్యు.ఎన్.బి.సి.వారు ఆమెను తమ వార్తలలో వినియోగదారుల విలేఖరిగా పిలిచిరి. పదునాలుగు సంవత్సరముల క్రిందట కోరిన పని అప్పటికి దొరికినది.

ఈ పని యెట్టిదో కొంచెము వివరింతుము. స్థానిక టెలివిజన్‌కు ఉత్తరములు వచ్చును. ఒకరి సోఫా రాలేదు. ఒకరి కారు మూడుసార్లు బాగుచేయించినను నడువదు. ఒకరికి ఇచ్చిన బయానా తిరిగి రాలేదు. అన్నియు తెరమీదికి రావు. విలేఖరి మొదట రసీదు చూడవలెను, ఒప్పందపు కాగితమున చిన్న అక్షరములు చదువవలెను, రెండవ పక్షమువారిని పిలిచి వారి మాటయు వినవలెను. అంగడివాడిదే న్యాయమని తేలు సందర్భములును కలవు. టెలివిజన్‌వారి పేరు వినినంతనే చాలమంది వర్తకులు ఆ ఒక్క ఖాతాదారుని డబ్బు తిరిగి యిచ్చివేయుదురు. కథ అచ్చట ముగిసినట్లే కనబడును. మంచి విలేఖరి అచ్చటనే ప్రారంభించును: "ఉత్తరము వ్రాయని తక్కిన వందమంది సంగతి యేమి?" అని.

ఇందు మరియొక చిక్కు కలదు. స్థానిక టెలివిజన్ బ్రతుకునది కార్ల వర్తకులు, సామాను దుకాణములవారు ఇచ్చు ప్రకటనలవలననే. వారిని ప్రశ్నించుట యనగా తాను కూర్చున్న కొమ్మను తానే తట్టి చూచుట. బెట్టీ ఫర్నెస్‌కు ఈ కొమ్మ మొదలంట తెలియును. ప్రకటనలోని ఏ మాట వట్టిది, ఏ మాట గట్టిది అని ఆమెకు వేరొకరు చెప్పనక్కరలేదు. ఆమె నడిపిన 'బైలైన్' అను కార్యక్రమమునకు 1977 సంవత్సరపు పీబడీ పురస్కారము లభించినది. 1976లో బార్బరా వాల్టర్స్ వెడలినపిమ్మట కొంతకాలము దేశమంతటికి ప్రసారమగు 'టుడే' కార్యక్రమమునందు కూడ ఆమె కూర్చుండెను. అయినను న్యూయార్కువారికి ఆమె తమ ఊరి మనిషియే.

మాకు ఆమె పేరు తెలిసినది మా మేనమామగారి ఉత్తరములవలన. వారు మదరాసు పెరంబూరున పుట్టి పెరిగిన తెలుగువారు. 1970ల తొలినాళ్లలో ఇంజనీరు ఉద్యోగముపై న్యూయార్కు చేరి క్వీన్స్ ప్రాంతమున కాపురముండిరి. నీలిరంగు ఎయిరోగ్రామ్‌ల మీద చీమలబారువంటి అక్షరములతో వ్రాసెడివారు. ఒక ఉత్తరమున ఇట్లు వ్రాసిరి: తాము కొన్న ఇస్త్రీపెట్టె నాలుగవ దినముననే కాలుట మానివేసినది. అంగడికి తిరిగి పోవుటకు మనసొప్పలేదు. వస్తువు చెడినందుకు కాదు, తమ ఇంగ్లీషు ఉచ్చారణ విని అంగడివారు నవ్వుదురేమోయని. పెరంబూరున తమిళము మాటాడునప్పుడు ఎవరైన "మీరు తెలుంగా?" అని అడిగిన కలుగు ముడుచుకొనుట వంటిదే ఇదియునని వారే వ్రాసిరి. ఆ వారముననే నాలుగవ చానలులో ఈ పెద్దావిడ, నెరసిన జుట్టుతో, తొందర లేక, కంఠము పెంచక, రసీదు చేతనున్నవాడు సిగ్గుపడనక్కరలేదని చెప్పుచుండగా చూచిరట. మరునాడు రసీదు, ఇస్త్రీపెట్టె, పక్కన అత్తయ్యగారు – మూటిని వెంటబెట్టుకొని పోయిరి. అంగడివాడు ఒక్క మాట లేక వేరొకటి చేతిలో పెట్టెను. "నేను మూడు రాత్రులు కూర్చి పెట్టుకొన్న వాక్యములన్నియు వృథా అయినవి" అని మేనమామగారి విచారము.

ఆ కాలమున అమెరికాలో ఇట్టి విలేఖరులు ఇతర నగరములలోను తలయెత్తిరి. హ్యూస్టన్ నగరమున 1973 నుండి 2007లో మరణించు వరకు పనిచేసిన మార్విన్ జిండ్లర్ అను నాతడు పూర్వము షెరీఫు కార్యాలయ ఉద్యోగి. తెల్లని కృత్రిమ కేశములు, రంగురంగుల దుస్తులు, కేక. భోజనశాలల తనిఖీ ఫలితములను చదువుచు ఎలుకలను, బొద్దింకలను, మంచుయంత్రములోని పాచిని పేరు పెట్టి పిలిచెడివాడు. జనులు విరగబడి చూచిరి. ఆ పద్ధతి తప్పనము. భోజనశాలలు శుభ్రపడియే యుండును. కాని కేక వేసినచో వినువారు కేకనే గుర్తుంచుకొందురు. ఫర్నెస్‌ను చూచినవారు ప్రశ్నను గుర్తుంచుకొనిరి. మా మొగ్గు ఎటో పాఠకులు గ్రహించియే యుందురు.

మన దేశమునకు వత్తుము. మెట్రిక్ తూకములు 1958లో ప్రవేశపెట్టబడి 1960ల ఆరంభమునకు తప్పనిసరి అయినవి. ఆ సంధికాలమున మా నాయనమ్మగారు చింతపండు వీశెల లెక్కనే అడిగెడివారు. వీశె యనగా నూట ఇరువది తులములు, నేటి లెక్కకు సుమారు కిలోన్నరకు కొంచెము తక్కువ. అంగడివాడు కిలోరాయి వేసి వీశె ధర పుచ్చుకొనెను. ఇంటికి వచ్చినపిమ్మట ఆమెకు చేతి బరువువలననే అనుమానము కలిగినది. కొన్ని నెలలు ఇట్లే సాగినది. ఆమెకు తమిళము రాక కాదు. కూరగాయలు బేరమాడుటకు చాలినంత వచ్చును. కాని తగవునకు వేరు భాష కావలెను. కోపము వచ్చినపుడు మనిషికి తల్లిభాషయే నోట వచ్చును. అది వినువానికి అర్థము కాదు. తుదకు పక్కయింటి తమిళ అయ్యరుగారి భార్య వెంట వచ్చి, కొత్తరాయి యేదో పాతరాయి యేదో అడిగి, లెక్క సరిచేయించినది. మా నాయనమ్మగారికి ఆమెయే ఫర్నెస్.

టెలివిజన్‌లో ఇట్టి స్వరము మనము విన్నది 1985లో. దూరదర్శన్ ప్రసారము చేసిన 'రజని' హిందీ ధారావాహిక. బాసు ఛటర్జీ దర్శకుడు, రజనిగా ప్రియా తెండూల్కర్. గ్యాసు బండ తెచ్చువాని మొదలు టాక్సీవాని వరకు అందరిని నిలదీయు గృహిణి కథ. టాక్సీ నడుపువారు నొచ్చుకొని నిరసన కూడ తెలిపిరి. మా ఇంట హిందీ వచ్చినవారు ఎవరును లేరు; అయినను రజని నడుము మీద చేయి వేసి నిలువగానే ఏమి అడుగుచున్నదో అందరికి తెలిసిపోయెడిది. అది కల్పితము; ఫర్నెస్ చేసినది నిజమైన రసీదులతో. మరుసటి సంవత్సరమే, 1986 డిసెంబరు 24న, మన వినియోగదారుల రక్షణ చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించినది. సరకుల పొట్లములమీద గరిష్ఠ ధరను అన్ని పన్నులతో సహా అచ్చువేయవలెనను నియమము 1990లో వచ్చినది. అంతకుముందు "స్థానిక పన్నులు అదనము" అను మూడు మాటల చాటున ఎంత డబ్బు చేతులు మారినదో ఆ పన్నులకే తెలియును.

2019 చట్టము, 2020 జులై నుండి అమలులో నున్నది, మనవంటివారికి ముఖ్యమైన మార్పు నొకదానిని తెచ్చినది. కొన్నవాడు తాను నివసించు చోటనే, లేక పనిచేయు చోటనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. షోలాపురమున కాపురముండి హైదరాబాదునుండి వస్తువు తెప్పించుకొన్న నేతపనివాడు హైదరాబాదు పోనక్కరలేదు. ఐదు లక్షల రూపాయల లోపు ధర గల వ్యవహారమునకు జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. వకీలు ఉండితీరవలెనను నియమమును లేదు.

భాష సంగతి మాత్రము ఇంకను ఇరుకుగనే యున్నది. పొట్లము మీద తప్పక వ్రాయవలసిన వివరములు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండిన చాలును. వేరొక భాష అదనముగ వేయుట తయారుచేయువాని ఇష్టము. కనుక చెన్నైలోని తెలుగు ముత్తవ్వయు, ఆమె పొరుగునగల తమిళ పాటియు మందుసీసా మీది తేదీ చదువుటలో సరిసమానులే. అల్పసంఖ్యాకుల దుఃఖమని మనము అనుకొనునది ఒక్కొక్కప్పుడు అందరి దుఃఖమైయుండుట ఒక వింత ఊరట.

బెట్టీ ఫర్నెస్‌కు 1990లో ఉదరమున కాన్సరు వ్యాధి సోకినది. చికిత్స పొందుచునే పనిచేసెను. 1992లో, డెబ్బదియారవ యేట, సంస్థవారు ఆమెను విరమింపజేసిరి. తానుగా విడువలేదనియు, పంపివేయబడితిననియు ఆమె దాపరికము లేక చెప్పెను. ఆ దినములలో అమెరికా టెలివిజన్‌లో ఆమెకంటె వయసు మీరిన విలేఖరి లేదని పత్రికలు వ్రాసినవి. 1994 ఏప్రిల్ 2న ఆమె మరణించినది. ప్రకటనలు చెప్పి జీవితమారంభించిన ఆమె, ప్రకటనలనే స్వీకరింపక వస్తువులను పరీక్షించి ఫలితములు ప్రచురించు 'కన్స్యూమర్ రిపోర్ట్స్' పత్రికను నడుపు సంఘపు పాలకవర్గమున చిరకాలము సభ్యురాలు.

మన జాతీయ వినియోగదారుల సహాయ దూరవాణి సంఖ్య 1915. తెలుగు సహా పదునేడు భాషలలో పలుకును. మా వీధిలో, చూళైమేడున, ఎనుబది యేండ్ల ఒక తెలుగు ముత్తైదువ కొన్న మిక్సీ హామీగడువు లోపలనే ఆగిపోయినది. అమ్మినవారు పది సాకులు చెప్పిరి. మనుమడు ఆ సంఖ్యకు పిలిచి ఫోను ఆమె చేతికిచ్చెను. అవతలివారు తెలుగున "చెప్పండమ్మా" అనగానే ఆమె మిక్సీ సంగతి మరచి, "మీది యే ఊరు నాయనా?" అని అడిగినది. ఆ ప్రశ్నకు జవాబు వచ్చినదో లేదో మాకు చెప్పలేదు. మూడవ వారమునకు మరమ్మతువాడు మాత్రము ఇంటికి వచ్చినాడు. రసీదును ఆమె ఇప్పటికిని దేవుని పటము వెనుకనే భద్రపరచియున్నది.